నెమ్మదికి మారుపేరు

నెమ్మదికి మారుపేరు, అంటున్నాడు దత్తాత్రి మైకులో, నెమ్మదికి మారుపేరు మన కన్యకమ్మ గారు, సౌమ్యురాలు, శాంతమూర్తి, మీ ఇంటి ఆడపడుచు, కుర్చీ గుర్తు మరువకండి, అమ్మలారా అక్కలారా కుర్చీ గుర్తు, అని గొంతు చించుకుంటుంటే ఆటో కప్పుకు కట్టిన లౌడుస్పీకరు ఆ మాటను ఎండలోకి విసిరి, ఎదురుగా ఉన్న మేడ గోడకు కొట్టి, మళ్లీ తెచ్చి కన్యక చెవిలోనే పోస్తోంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు విన్నదో. ఒక మాటను అన్నిసార్లు వింటే అది మాట కాకుండా పోతుంది, ఉత్త చప్పుడవుతుంది, డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు, నెమ్మది నెమ్మది నెమ్మది. ఆటో వెనుక సీటులో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. కుడికాలు కనబడకుండా చీర కుచ్చిళ్లు నిండుగా పరిచి ఉన్నాయి. వదినే పరిచింది పొద్దున, పరిచి రెండడుగులు వెనక్కి పోయి, ఫోటో స్టూడియోలో పెళ్లికూతుర్ని చూసినట్టు తల ఒకపక్కకు వంచి చూసి, ఇగ ఏం కనిపిస్తలేదు తియ్యి, అన్నది. అన్న నాగేశం స్కూటరు మీద ముందు పోతూ మాటిమాటికి వెనక్కి చూస్తున్నాడు, చెల్లెలు ఎక్కడ దిగుతుందోనని. దిగకు, ఏమైనా గానీ దిగకు, చేతులు జోడించు, నవ్వు, గంతే. ఇవాళ సాయంత్రంతో ప్రచారం బందు. ఇంకొక్క గంట ఇట్లాగే కూర్చుంటే చాలు, గెలిచినట్టేనట.

దిగితే ఏమవుతుందో అన్న ఎన్నడూ విడమరిచి చెప్పలేదు. గది తెలిస్తే కష్టమైతది చెల్లె, అన్నాడు నామినేషన్ వేసివచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు. గది అంటే కాలు. ఆ ఇంట్లో అన్నిటికీ పేర్లున్నాయి, చింతపండు జాడీకి కూడా ఒక పేరుంది, కాలుకు మాత్రం లేదు. ఈ పాత గల్లీల వాళ్లకు కొత్తగా తెలిసేదేం లేదు, వాళ్ల కళ్ల ముందే పెరిగింది, వాళ్లు చూసీచూడనట్టు ఉండడం కూడా ఎప్పుడో నేర్చుకున్నారు, ఆమె వస్తుంటే కళ్లు సరిగ్గా ఆమె మొహం దగ్గర ఆపుకుంటారు, కిందికి జారనివ్వరు, అది వాళ్ల మర్యాద. కానీ ఈసారి ఆడవాళ్లకు రిజర్వు చేసిన ఈ వార్డులో రోడ్డవతలి కొత్త కాలనీని కూడా కలిపారు. నంగునూరు నుంచి, జగదేవ్‌పూర్ నుంచి, ఇంకా ఏయే ఊళ్ల నుంచో వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు, కిరాయికి ఉంటున్నవాళ్లు, సగం ఓట్లు వాళ్లవే. వాళ్లకు కన్యక అంటే స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని బిందెల మీద, టిఫిను గిన్నెల మీద మిషనుతో పేర్లు కొట్టే మనిషి. నిలబడగా చూసినవాళ్లు లేరు. గుర్తు కూడా కుర్చీయే వచ్చిందాయె, అని ఎవరో నవ్వితే, నవ్వనీ, మనకు గదే మంచిది, అన్నాడు నాగేశం.

ఆటో నెమ్మదించింది. మళ్లీ ఆ మాటే, ఆటోకు కూడా అదే మాట, కానీ ఆటోను ఎవరూ మారుపేరు అనరు. సందులో ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది, పక్కన గడప దగ్గర ఒకామె పిల్లను రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తోంది, ఆ పిల్ల బొజ్జ ముందుకు పెట్టి, మైకు వైపు నోరు తెరుచుకుని చూస్తూ అడుగు వెయ్యడం మరిచిపోయింది. ఒకప్పుడు నడుస్తూ ఉన్న పిల్లే కన్యక కూడా. ఏడాదిన్నరకు గడపలు దాటేదట, దుకాణం దాకా పరుగెత్తేదట, ఇదంతా అమ్మ చెబితేనే తెలుసు. జ్వరమొచ్చింది, దవాఖానకు తీసుకుపోయారు, జ్వరం తగ్గి ఇంటికొచ్చాక కింద దించితే కుడికాలు తడిబట్టలా వేలాడింది. అమ్మ భారతమ్మ ఎవరినీ ఏమీ అడగలేదట, ఎత్తుకుని పీటమీద కూర్చోబెట్టి, కాళ్లు రెండూ ఒళ్లో పెట్టుకుని, నూనె రాయడం మొదలుపెట్టిందట, ఎన్ని ఏండ్లు రాసిందో ఆ నూనె. లేచి నిలబడడం నేర్పింది. అరచెయ్యి మోకాలి పైన ఆనించి, కాలును లోపలికి నొక్కి, ఆ నొక్కు మీద బరువు వేసి, ఎడమకాలు ముందుకు. మళ్లీ చెయ్యి, మళ్లీ నొక్కు. నడక కాళ్లతో కాదు, చేత్తో నేర్చుకుంది కన్యక.

నెమ్మది అన్న మాట అప్పుడు పుట్టింది. గల్లీ పిల్లలు సొట్టకాలు అని అరిచేవాళ్లు. గిన్నెల దుకాణం పిల్లకు సొట్ట అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. భారతమ్మ చీపురు కూడా పట్టలేదు, పోట్లాడలేదు, గడపలోకి వచ్చి ఆ పిల్లల్ని పిలిచి తలా ఇంత బెల్లం పెట్టి, అరేయ్ మా కన్యక నెమ్మది, మీరు ఉరికితే అందదు, జర ఆగున్రి బిడ్డా, అన్నది. బడికి పోయి కూడా అదే. కుంటి పిల్ల ఏదిరా, అని పిలిచే సారు ముందు నిలబడి, సారూ మా పిల్ల నెమ్మది, మీరు పిలిచినంక లేచి వచ్చేదాక జర ఆగాలె, అన్నది. సారు ఆగాడు. మరుసటి రోజు నుంచి, నెమ్మదీ, బోర్డు తుడువు, అని పిలిచి, ఆమె బోర్డు దగ్గరికి వచ్చేదాకా ముక్కుపొడి పీల్చుకుంటూ కూర్చునేవాడు. కన్యకకు ఆ పేరు నచ్చింది. పెద్దవాళ్లు తనకిచ్చిన బిరుదేదో అనుకుంది. అమ్మ నోట్లో ఆ మాటకు ఎంత తేటదనం ఉండేదో. ఆ మాట అన్న ప్రతిసారీ అమ్మ ఎదుటివాళ్లను ఏదో ఒకటి అడిగేది. ఆగమని అడిగేది, చోటివ్వమని అడిగేది. ఊరికే అని వదిలేసేది కాదు.

దత్తాత్రి దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ అందుకున్నాడు. సౌమ్యురాలు. పాపం కుర్రాడికి నోరెండిపోయి ఉంటుంది, వదిన తమ్ముడు, మైకు అంటే ప్రాణం, రాసిచ్చింది చదువుతున్నాడు, రాసిచ్చింది నాగేశం. అన్న ఈ మాటను వాడడం ఇది మొదటిసారి కాదు. కన్యకకు సంబంధాలు చూసే రోజుల్లో జగదేవ్‌పూర్ వాళ్లకు కబురంపినప్పుడు కూడా నాగేశం ఒక్క ముక్కే చెప్పాడు, పిల్ల నెమ్మది, అని. వాళ్లు సంబరపడ్డారు. మాక్కావాల్సింది గదే, పెద్దకోడలు నోరు తెరిస్తే వాడకట్టంత లేస్తది, చిన్నదన్న నెమ్మదస్తురాలు కావాలె, అని పెళ్లికొడుకు తల్లే స్వయంగా పండ్లబుట్ట పట్టుకుని వచ్చింది. కన్యక వంటింట్లోంచి చాయ పళ్లెం పట్టుకుని లేచింది. రెండు చేతులూ పళ్లేనికే సరిపోయాయి, మోకాలి మీద పెట్టడానికి మూడో చెయ్యి లేదు. అట్లాగే రెండడుగులు వేసింది. మూడో అడుగుకు కాలు మడుచుకుపోయింది, చాయ చాప మీద పడి పారింది. ఆ పెద్దామె తిట్టలేదు, గొడవపడలేదు, తడిసిన చీరచెంగు పిండుకుంటూ మెల్లగా అన్నది, గిదా మీ నెమ్మదంటే. ఇన్నేండ్లయినా ఆ గొంతు కన్యక చెవిలో అట్లాగే ఉంది. కోపం కూడా లేని గొంతు, మోసపోయిన గొంతు. వాళ్లు పోయాక అమ్మ చాప తుడుస్తూ తుడుస్తూ తల ఎత్తకుండానే నాగేశాన్ని అడిగింది, నా మాటను ఏం జేసినవురా. అన్న గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆ రోజు తర్వాత భారతమ్మ నోట ఆ మాట రాలేదు. పోయేవరకు రాలేదు. కన్యకా రా, అనేది, అంతే, రోడ్డు దాటుతున్నా, మెట్లు దిగుతున్నా, కన్యకా రా. ఆ రెండు ముక్కల మధ్య ఒక ఖాళీ ఉండేది. అక్కడ ఉండాల్సిన మాట ఏదో ఇద్దరికీ తెలుసు.

అన్న మీద కోపం రాదు ఆమెకు. వస్తే బాగుండును. బడికి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కినవాడు, వానలో తను తడిసి ఆమెకు గోనెసంచి కప్పినవాడు. కాలు అనే మాట ఆయన నోటికి రాదు, నోట్లోకి వచ్చేసరికి కళ్లలోకి నీళ్లు వస్తాయి, అందుకని పక్కకు తప్పుకుంటాడు, ఆ తప్పుకోవడమే ఇన్నేండ్లలో ఇంటి అలవాటయింది. ఆర్టీసీ బస్సులో కిటికీ పైన వికలాంగులకు అని రాసి ఉన్న సీటు ఖాళీగా ఉంటే కూడా, గది మనది గాదు, ఇటు రా, అని ఆమెను కడ్డీ పట్టించి నిలబెట్టాడు ఒకసారి హైదరాబాదు దాకా. ఆ అక్షరాల కేసి చూస్తూ నిలబడింది కన్యక దారి పొడుగునా. వికలం, అంగం. విడదీస్తే దాంట్లో ఆమె ఎక్కడా లేదు, విరిగిన ముక్కేదో ఉంది. అయినా ఆ మాట సీటు ఇస్తానన్నది కదా, తీసుకోవలసింది. కుంటి అన్న మాట రాయిలాగా వచ్చి తగులుతుంది, కానీ రాయి ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. అన్నింటికన్నా ఆమెకు పడనిది పాపం. పాపం అన్నవాళ్లు ఇంక ఏమీ చెయ్యరు, ఆ ఒక్క ముక్కతో లెక్క తీరిపోయినట్టు చెంగు దులుపుకుని వెళ్లిపోతారు.

ఆటో పెద్దరోడ్డు దాటింది. గుంతలో పడి లేచినప్పుడు కుచ్చిళ్లు జారాయి, ఆమె సర్దుకోలేదు. అమ్మ గొల్లభామ చీర ఇది, చీర నిండా తలమీద కుండ పెట్టుకుని నడిచే చిన్న చిన్న గొల్లభామలు, మోకాలి పైనున్న ఒక్కతి మాత్రం కన్యక అరచేతి రాపిడికి దారాలు లేచి సగం చెరిగిపోయింది. ఆమె చీరలన్నీ అక్కడే చిరుగుతాయి. కొత్త కాలనీ మొదలయింది, సున్నం వెయ్యని గోడలు, ఇసుక కుప్పలు, మోరీ లేక రోడ్డు మీదే పారే నీళ్లు. పొద్దున ఆటోలో దిగకుండా ఒక చుట్టు తిరిగిపోవడం తప్ప ఇక్కడికి ఆమె ఎప్పుడూ రాలేదు, అయినా ఇక్కడి సంగతి ఆమెకు తెలియనిది లేదు. ఈ ఆడవాళ్లు సొట్టలు తీయించుకోవడానికి బిందెలు పట్టుకుని దుకాణానికి వస్తారు. ఎట్ల వడ్డదమ్మా, అని అడిగితే ఒకటే కథ, బోరింగు కాడ జారిన. కాలనీ మొత్తానికి ఒక్కటే బోరింగు, దాని చుట్టూ గచ్చు లేదు, పాకురు. ఒకామె చెయ్యి విరిగింది. ఒకామె నెలలు నిండుతూ పడింది, ఆ తర్వాత బిందె మీద పిల్లవాడి పేరు కొట్టించుకుంటానన్నదల్లా మళ్లీ రాలేదు. ఆమె వదిలిపోయిన బిందె సొట్ట తీసి పక్కన పెట్టింది కన్యక. పోటీ చేస్తాను అని అన్నతో అన్నది ఆ రోజే. నల్లాలు రావాలె అన్నా, ముందు గా బోరింగు చుట్టు గచ్చు పొయ్యాలె. ఎవరో చెయ్యమంటే చేస్తున్న పోటీ కాదు ఇది. గెలవాలని ఉంది ఆమెకు. కడుపులోంచి ఉంది.

అప్పుడు వినబడింది ఆ జీపు మైకు. బోరింగు దగ్గర ఆగి ఉంది, ప్రమీలాదేవి జీపు, పక్క ఊళ్లో భూములున్న పెద్దింటామె, ఈ వార్డులో ఆమే పోటీగా నిలబడింది. ప్రమీలాదేవి నీళ్లకు వచ్చిన ఆడవాళ్ల మధ్య తిరుగుతూ చేతులు పట్టుకుని మాట్లాడుతుంటే, జీపులోని మనిషి మెత్తటి గొంతుతో అంటున్నాడు, అమ్మలారా, కుర్చీ గుర్తు ఆమె మంచిదే, మేము కాదనం, కానీ మీ కాలనీలో ఒక్కనాడైనా తిరిగిందా, పాపం, ఆమె తిరగలేదు, మీరే చెప్పండి, తిరగలేదు. కన్యక వెన్ను నిటారుగా అయింది. ఎంత పనిమంతుడు. తెలియనివాళ్లు వింటే ఆమె ఇటువైపు రాలేదని అర్థం. తెలిసినవాళ్లు వింటే ఆమెకు తిరిగే శక్తి లేదని అర్థం. పట్టుకుని అడిగితే మొదటిది చెబుతాడు, ఓట్లు రెండో దానికి రాలతాయి. ఆ పక్కన తన ఆటోలోంచి దత్తాత్రి, నెమ్మదికి మారుపేరు. నెమ్మది, తిరగలేదు, నెమ్మది, తిరగలేదు, రెండు మైకులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండూ ఒక్కలాంటి మాటలే, పైకొక ముఖం, లోపలికొక ముఖం. వాడు ఆమెను కింద పడెయ్యడానికి వాడుతున్నాడు, అన్న ఆమెను కాపాడడానికి వాడుతున్నాడు, కానీ రెండు మాటలూ చేరేది ఒక్కచోటికే, చీర కింద దాచిన కాలు దగ్గరికే. అమ్మ మాటకు ఒకటే ముఖం. దాన్ని ఈ బజారుకు తెచ్చి, ఇట్లా మైకులో ఉతికి ఆరేస్తుంటే తను కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. నా మాటను ఏం జేసినవురా. అన్ననే కాదు, నన్ను కూడా అడిగింది అమ్మ. ఇప్పుడు అర్థమయింది, నన్ను కూడా.

"పోనియ్, పోనియ్, ఆపకు," అంటున్నాడు నాగేశం స్కూటరు మీద నుంచే చెయ్యి ఊపుతూ.

"ఆపు," అన్నది కన్యక.

డ్రైవరు ఎవరి మాట వినాలో తెలియక సగం ఆపాడు. ఆ సగమే చాలు ఆమెకు. ఆటో కడ్డీ పట్టుకుని ముందు ఎడమకాలు దించింది, తర్వాత కుడికాలును చేత్తో ఎత్తి నేల మీద పెట్టింది, కుచ్చిళ్లు ఎటు పోయాయో చూసుకోలేదు. చెల్లె, చెల్లె, గిదేంది, అంటూ అన్న స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఆనించి పరుగెత్తుకొచ్చాడు. దత్తాత్రి నెమ్మదికి అని, మారుపేరు దగ్గర ఆగిపోయాడు. అరచెయ్యి మోకాలి పైన, నొక్కు, ఎడమకాలు ముందుకు. ఇంతమంది చూస్తుండగా ఆమె ఎప్పుడూ నడవలేదు. చాయ పళ్లెం గుర్తొచ్చింది, చాప మీద పారిన చాయ, పిండుకుంటున్న చెంగు. ఇప్పుడు చేతుల్లో పళ్లెం లేదు, చేతులు రెండూ తనవే. నొక్కు, అడుగు. భుజం ఒకపక్కకు ఒరిగి లేస్తోంది, ఒరిగి లేస్తోంది, దాచుకోవడానికి ఏమీ లేదు, దాచుకోవాలని లేదు కూడా. జీపు మైకు ఎప్పుడు ఆగిందో తెలియదు. బోరింగు కొట్టే చప్పుడు కూడా ఆగింది. ప్రమీలాదేవి పక్కకు తప్పుకుని దారిచ్చింది, ఆమె మొహంలో ఏముందో కన్యక చూడలేదు. వరుసలో అన్నిటికన్నా ముందున్న బిందె మీద తను కొట్టిన పేరే కనబడింది, కొండవ్వ, ఆ వ కింద వత్తు ఇవ్వడానికి ఆ రోజు ఎంతసేపు పట్టిందో. బిందె పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని కొండవ్వ నిలబడి ఉంది, ఆమెను పైనుంచి కింది దాకా చూస్తూ. కింది దాకా. కాలు దగ్గర కళ్లు ఆపుకోలేదు ముసలామె.

"నువ్వు దుకాణంల పేర్లు కొట్టే పిల్లవు గాదు?"

"ఔనవ్వా."

"కాలుకేమైంది బిడ్డా? కుంటుతున్నవు."

వెనక ఆడవాళ్లలో ఎవరో ఇస్స్ అన్నారు. నాగేశం వచ్చి చెల్లెలి పక్కన నిలబడ్డాడు, చెమటలు కారుతున్నాయి. "ఏం లేదవ్వా, మా చెల్లె జర నెమ్మది..."

"అన్నా, నువ్వాగు," అన్నది కన్యక. "చిన్నప్పుడు పోలియో వచ్చిందవ్వా. కుంటి కాలు. గిట్లనే నడుస్త. గెలిపిస్తె మీ గల్లీలన్ని గిట్లనే తిరుగుత. నేను వచ్చేటాల్లకు జర ఆలస్యమైతది, గంతే."

కొండవ్వ నోరు నొక్కుకుంది. "ఓ పిల్లా, మరి గిది ముందుగాల చెప్పొద్దా? దుకాణంల మేమొస్తె లేవవైతివి. గా పెద్ద బిందె చూపియ్యమంటె కూసున్నకాడికెల్లి వేలు చూపిస్తివి. ఇయ్యాల పొద్దుగాల ఆటోల వచ్చి దిగకనే పోతివి. ఇంత పొగరేందే ఈ పిల్లకు అని మేమంత అనుకుంటిమి!"

వెనకనున్న ఒకామె కిసుక్కుమన్నది, ఇంకొకామె కొంగు నోట్లో కుక్కుకుంది, కన్యకకు తనకు తెలియకుండానే నవ్వొచ్చింది, నవ్వుతూంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, తుడుచుకోలేదు. పొగరు. ఇన్నేండ్లు ఇంటిల్లిపాదీ కలిసి కప్పింది కాలునైతే, బయటికి కనబడింది పొగరు. ఆ జగదేవ్‌పూర్ పెద్దామెకు గుణం కనబడింది, ఈ అవ్వకు పొగరు కనబడింది, కాలు ఎవరికీ కనబడలేదు, ఎంత బాగా దాచారు. అన్న వైపు చూసింది. నాగేశం నేలకేసి చూస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి, కాలు అన్న ముక్కను లోలోపల పలికి చూసుకుంటున్నాడు.

"ఆలస్యమైతె ఆగుతం తియ్యి," అన్నది కొండవ్వ, తన బిందెను కాలితో పక్కకు జరుపుతూ. "మాకేం ఉరుకుడున్నదా. రా, లోపటికి రా, ఈ బోరింగు సంగతి చూద్దువు గాని." ఆగమని ముసలామెను ఎవరూ అడగలేదు, తనే అన్నది.

కన్యక అడుగెత్తింది. ముసలామె గబుక్కున చెయ్యి చాపింది.

"నెమ్మదిగ రా బిడ్డా. గీడ పాకురున్నది, జారుతది."

కన్యక ఆగిపోయింది. అమ్మ పోయినప్పటి నుంచి కాదు, అంతకన్నా ఎంతో ముందు, చాప మీద చాయ పారిన రోజు నుంచి ఈ మాటను ఎవరూ ఆమెతో ఇట్లా అనలేదు. ఇందులో ఆమె గుణం లేదు, ఆమె కాలు కూడా లేదు. నేల గురించి చెప్పిందంతే ముసలామె, పక్కనున్న ఎవరికైనా అదే చెప్పి ఉండేది.

"వస్తున్న అవ్వా," అన్నది, అరచెయ్యి మోకాలి పైన, చెరిగిపోయిన గొల్లభామ మీద ఆనించి, ఆ తడినేల మీద అడుగు పెట్టింది.